ప్లగ్గు రంగు చూశాకే ఇరిడియం

మొన్న శనివారం నర్సీపట్నం నుంచి మా చిన్నాన్న కొడుకు వాట్సాప్‌లో అడిగాడు. “అన్నయ్యా, బండికి ఇరిడియం ప్లగ్గు వేయించీ, పికప్ అదిరిపోద్ది అంటన్నారు. నిజమేనా? ఏటి చేయమంటావు?” ఇంజనులో పెట్రోలుని అంటించే నిప్పురవ్వ పుట్టేది ప్లగ్గులోనే; దాని మధ్య కొసని ఇరిడియం అనే లోహంతో చేస్తే అది ఇరిడియం ప్లగ్గు. వాడి దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఉంది. ఆదివారం వస్తే చాలు, లంబసింగి, చింతపల్లి వైపు పోతాడు. తారు రోడ్డు వదిలేసి కాఫీ తోటల మధ్య మట్టి దారులు పడతాడు.

రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చుంటే నా బండితో పడిన బాధంతా గుర్తొచ్చింది. ఫోన్లో వేలితో కొట్టే వ్యవహారం కాదనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. నాది సుజుకీ డీఆర్-జడ్400ఎస్. 398 సీసీ, ఒకటే సిలిండరు, రేడియేటరు ఉన్న ఇంజను, పెట్రోలూ గాలీ కలిపి ఇంజనుకి పంపే మికుని కార్బొరేటరు. 2000 నాటి డిజైను. ఇరవై ఏళ్ళకు పైగా పెద్దగా ఏమీ మార్చకుండానే అమ్మారంటే అదెంత గట్టి బండో అర్థం చేసుకోండి. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దీనికి కిక్ రాడ్ లేదు, సెల్ఫ్ ఒక్కటే. కొండ మీద బండి పడిపోయి ఇంజను ఆగిపోతే, బ్యాటరీలో ఉన్న కరెంటుతోనే లేపాలి. నా బాధంతా అక్కడే మొదలైంది.

లివర్‌మోర్‌కీ ట్రేసీకీ మధ్య కోరల్ హాలో రోడ్డు మీద కార్నెగీ అని బళ్ళ కోసమే వదిలిన కొండలున్నాయి. 1900ల మొదట్లో అక్కడ ఇటుకల ఫ్యాక్టరీ, దాని చుట్టూ ఊరు ఉండేవి. ఇప్పుడు ఊరు లేదు, మన్ను మాత్రం ఉంది. ఎండాకాలం వస్తే ఆ మన్ను ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా లేస్తుంది. ఫస్ట్ గేరులో, క్లచ్చు సగం పట్టుకుని, నడిచే మనిషి కంటే కొంచెం వేగంగా ఎక్కాల్సిన చోట్లు చాలా ఉంటాయి. అలాంటి ఎక్కుడు రెండు అయ్యేసరికి నా బండి మిస్సింగ్ కొట్టేది, అంటే మధ్యమధ్యలో మంట అంటుకోక కుదిపేది. మూడో దానికి ఐడ్లింగ్ నిలిచేది కాదు, యాక్సిలరేటరు వదిలితే ఇంజను ఆగిపోయేది. పక్కకి పడిపోయిందా, ఇంక అంతే. కార్బొరేటరులో పెట్రోలు పొంగి సిలిండరు నిండా తడి అయిపోయేది, సెల్ఫ్ కొడుతూ కూర్చోవాల్సిందే. ఒకసారి అలా కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోయింది. ఎండలో, 140 కిలోల పైచిలుకు బండిని లోయలోకి దొర్లించుకుంటూ పోయి సెకండ్ గేరులో క్లచ్చు వదిలి లేపాను. ఆ రోజు చేతులు వణికాయి.

ఇలాంటప్పుడు మొదట ప్లగ్గు చూడాలని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్న చేతక్ స్కూటరు నడిపేవారు. పొద్దున్నే లేవకపోతే స్టాండు వేసి, పక్క డూము తీసి, డిక్కీలోంచి ప్లగ్గు పానా తీసేవారు. ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టేవారు. వెచ్చగా, పెట్రోలూ ఆయిలూ కలిసిన వాసనతో, కొసన జిడ్డు మసితో ఉండేది. గరుకు కాగితం ముక్కతో ఆ కొసని రుద్దడం నా పని. తర్వాత ప్లగ్గుని క్యాపులో పెట్టి, ఇంజను ఇనుముకి ఆనించి పట్టుకుని ఆయన కిక్కు కొట్టేవారు. టిక్కుమని నీలం రంగు మెరుపు. “అదుగో వచ్చింది. కాఫీ రంగులో ఉంటే బండి బాగున్నట్టు. బొగ్గులా ఉంటే ఎక్కడో ఎక్కువైనట్టు” అనేవారు. టూ స్ట్రోకు బండి కదా, పెట్రోల్లో ఆయిలు పాళ్ళు తప్పితే ముందు ప్లగ్గుకే తెలిసేది.

ఇన్నీ తెలిసి కూడా నేను రంగు చూడలేదు. ఎందుకంటే డీఆర్-జడ్‌లో ప్లగ్గు చూడ్డం చేతక్‌లో లాగా రెండు నిమిషాల పని కాదు. సీటు తీయాలి, ట్యాంకు తీయాలి, అప్పుడు హెడ్డు మధ్యలో లోతైన బావిలాంటి గుంతలో అడుగున ఉంటుంది. ఆ బద్ధకంతో, రైడింగుకి వచ్చే ఒకాయన చెప్పిన మాట పట్టుకుని, నేరుగా ఇరిడియం ప్లగ్గు ఆర్డరు పెట్టాను.

ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర మామూలు ధరకి సగానికే దొరికింది. డబ్బా సరిగ్గానే ఉంది, అక్షరాలూ బాగానే ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాక అనుమానం వచ్చింది. మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి సూది తెచ్చి పక్కన పెట్టి భూతద్దంలో చూశాను. అసలు ఇరిడియం ప్లగ్గులో మధ్య కొస సూదిలా ఉండాలి. ఎన్‌జీకే కంపెనీ ఐఎక్స్ రకంలో 0.6 మిల్లీమీటర్లు, డెన్సో కంపెనీ ఇరిడియం పవర్ రకంలో 0.4. నా దగ్గరకొచ్చిన దానిలో కొస పెన్సిల్ ములుకంత ఉంది, కొంచెం పక్కకి ఒరిగి కూడా ఉంది. వాషరు వేలితో తిప్పితే మరల మీంచి ఊడి చేతిలోకొచ్చేసింది. నకిలీ. అది ఇంజనులో విరిగి పడి ఉంటే పిస్టనూ వాల్వులూ ఏమయ్యేవో తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. మన దగ్గరా ఈ బెడద తక్కువేం కాదు. తమ్ముడూ, నువ్వు కొనేది తెలిసిన కొట్లోనే కొను, కొన్నాక కొస చూడు. అంత సన్నటి కొసని శుభ్రంగా అతకడం దొంగ సరుకు చేసేవాళ్ళకి అంత తేలిక కాదు.

రెండోసారి నిక్కమైనది తెచ్చాను. బండితో వచ్చే ప్లగ్గు ఎన్‌జీకే సీఆర్8ఈ, దానికి ఇరిడియం జోడీ సీఆర్8ఈఐఎక్స్. డెన్సోలో అయితే ఐయూ24. ఈ అక్షరాలు తెలుసుకోవడం మంచిది. సీ అంటే మర 10 మిల్లీమీటర్లు. ఆర్ అంటే లోపల రెసిస్టరు ఉంది, అది లేని ప్లగ్గు వేస్తే ఇగ్నిషన్ ఎలక్ట్రానిక్స్‌కి చికాకు. 8 అనేది వేడి అంకె. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. పొడవు ఎక్కువున్న ప్లగ్గు వేస్తే పిస్టనుకి తగలొచ్చు, తక్కువైతే మిగిలిన మరల్లో మసి చేరుతుంది. వేడి అంకె దగ్గర ఒక తిరకాసు ఉంది. ఎన్‌జీకేలో అంకె పెరిగే కొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని హెడ్డులోకి త్వరగా వదిలేస్తుంది. బాష్ వాళ్ళది దానికి తలకిందులు. ఒక కంపెనీ అంకెని ఇంకో కంపెనీకి పట్టుకెళ్ళి అడిగితే దెబ్బతింటావు.

బిగించేటప్పుడు జరిగే పొరపాట్లు మట్టిలో తిరిగే బళ్ళకి మరీ ప్రమాదం. ప్లగ్గు గుంతలో పౌడరు లాంటి మన్ను, చిన్న రాళ్ళు పేరుకుని ఉంటాయి. అలాగే విప్పావంటే అదంతా సిలిండరులోకి రాలుతుంది. క్యాపు తీయగానే గాలి కొట్టి ఊదేయాలి. దారిలో అయితే నేను పెట్రోలు పైపు ముక్క ఒకటి దగ్గరుంచుకుంటాను. ఒక కొస గుంతలో పెట్టి, కళ్ళు మూసుకుని నోటితో ఊదుతాను. ఆ గుంతలోంచి నీళ్ళు పోవడానికి హెడ్డు పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, అదీ మన్నుతో మూసుకుపోతుంది. వాగు దాటాకో, బండి కడిగాకో మిస్సింగ్ కొడితే చాలామంది ప్లగ్గుని తిడతారు గానీ, ఆ రంధ్రంలోకి తీగ గుచ్చి చూస్తే గుంతలో నిలిచిన నీళ్ళు కారతాయి.

హెడ్డు అల్యూమినియం. ప్లగ్గుని మొదట చేతితోనే, పానా పట్టుకోకుండా, కింద దాకా తిప్పాలి. ఎక్కడైనా పట్టేసినట్టుంటే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. కింద ఆనాక నేను, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ పానాతో 11 న్యూటన్ మీటర్లు పెడతాను. అది లేకపోతే కొత్త ప్లగ్గుకి సుమారు అర చుట్టు, వాషరు నలిగేదాకా. మరకి గ్రీజు లాంటివి పూయక్కర్లేదు. పూస్తే అదే బలానికి ఇంకా ఎక్కువ బిగుసుకుని మర పోయే ప్రమాదం ఉంది. మధ్య కొసకీ, దాని ఎదురుగా వంగి ఉండే పక్క కొక్కేనికీ మధ్య సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఇరిడియం కొస గట్టిదే గానీ పెళుసు. కొసకి ఆనించి మీటితే విరుగుతుంది. వైరు గేజితో కొలిచి, సరిచేయాల్సి వస్తే పక్క కొక్కేన్ని మాత్రమే కదపాలి. నేను చిన్నప్పుడు చేసినట్టు గరుకు కాగితం, వైరు బ్రష్షు పట్టుకుని దీని దగ్గరికి రాకూడదు.

వేశాక మొదటి రోజు పొద్దున సెల్ఫ్ నొక్కితే రెండో తిప్పుకే లేచింది. నాకు ఆనందం ఆగలేదు. కార్నెగీలో ఎక్కుళ్ళలో మిస్సింగ్ చాలావరకు పోయింది. పడేసిన తర్వాత కూడా లేచింది. అదే పట్టుకుని నలుగురికీ చెప్పాను కూడా.

ఎందుకు మెరుగైందో చెప్తాను. నిప్పురవ్వ గాలి సందుని దాటాలంటే వేల వోల్టులు కావాలి. కొస సన్నగా ఉంటే విద్యుత్తు బలమంతా అక్కడే కేంద్రీకరించి, తక్కువ వోల్టులకే దూకుతుంది. రెండోది, ఇంకా ముఖ్యమైనది. పుట్టిన రవ్వ ఆవగింజంత ఉంటుంది. పక్కనే లావుపాటి చల్లని లోహం ఉంటే ఆ రవ్వ వేడిని అదే లాగేసుకుంటుంది, మంట పెరగకుండానే చచ్చిపోతుంది. మామూలు నికెల్ ప్లగ్గు మధ్య కొస చాలా రకాల్లో 2.5 మిల్లీమీటర్లు. దాన్ని అంత సన్నగా చేద్దామంటే నికెల్ 1,455 డిగ్రీలకి కరిగే లోహం, త్వరగా అరిగిపోతుంది. ఇరిడియం కరగాలంటే 2,400 డిగ్రీలు దాటాలి. ప్లాటినంతో పాటు భూమిలోంచి కొద్దికొద్దిగా దొరికే లోహం ఇది. 1803లో కనిపెట్టినప్పుడు దాని లవణాల రంగులు చూసి గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత ఐరిస్ పేరు పెట్టారు. ప్లగ్గులో వాడేది గింజ మొనంత. ఆ మొన వల్లే చల్లటి పొద్దున, పెట్రోలు తడిలో, ఫస్ట్ గేరు నత్తనడకలో రవ్వ నిలబడుతుంది.

ఇక పవరు సంగతి. మంట సరిగ్గా అంటుకుంటున్న ఇంజనుకి ఇరిడియం కొత్తగా ఇచ్చే పవరు చెప్పుకోదగ్గది కాదు. మూడు ట్యాంకుల పెట్రోలు లెక్క రాసుకున్నాను, మైలేజీలో నాకు తేడా కనబడలేదు.

అసలు పాఠం జూలైలో, సోనోరా పాస్ అనే కొండ కనుమ దగ్గర. ఆ పాస్ ఎత్తు 9,624 అడుగులు. దానికి తూర్పున హైవే 108 వదిలితే లెవిట్ లేక్‌కి రాళ్ళ దారి ఉంది, సరస్సు కూడా దాదాపు అంత ఎత్తులోనే. రాళ్ళ మీద, సగం కరిగిన మంచు నీళ్ళలో మెల్లగా ఎక్కుతున్నాను. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 30 శాతం తక్కువ. కార్బొరేటరుకి అది తెలియదు, పోసే పెట్రోలు పోస్తూనే ఉంటుంది. సైలెన్సరులోంచి డబ్‌డబ్‌మని మొదలై, మలుపు దగ్గర ఇంజను ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు.

గట్టు పక్కన సీటు తీసి, ట్యాంకు తీసి ఒక చదును రాయి మీద పెట్టి, పైపుతో గుంత ఊది, ప్లగ్గు విప్పాను. వేసి రెండు వేల కిలోమీటర్లు దాటిందంతే. కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగు ఎలా ఉంటుంది, అలా ఉంది. సూది కొస, తెల్లగా ఉండాల్సిన పింగాణీ, కొక్కెం, అన్నీ ఒకటే నలుపు. వేలితో తాకితే వేలిముద్ర పడింది. మసికి కరెంటు పాకుతుంది. పింగాణీ మీద మసి పొర కట్టిందంటే కరెంటు సందులో దూకకుండా ఆ పొర మీంచే జారిపోతుంది. అప్పుడు కొస ఇరిడియమైతేనేం, బంగారమైతేనేం. దగ్గరున్న మామూలు సీఆర్8ఈ వేసి, థ్రాటిల్ కొంచెం తెరిచి పట్టుకుని లేపి, ఎక్కడం మానేసి దిగిపోయాను.

ఆ నలుపు కొత్తది కాదు. నేను కొన్న రోజు నుంచీ ఉంది. ఇరిడియం దాన్ని నాలుగు నెలలు కప్పిపుచ్చింది. నాన్న చెప్పినట్టు ముందు పాత ప్లగ్గు రంగు చూసి ఉంటే ఆ నాలుగు నెలలూ పెట్రోలు సిలిండరు గోడల్ని కడుగుతూ ఇంజను ఆయిల్లోకి దిగేది కాదు.

ఇంటికొచ్చి కార్బొరేటరు విప్పాను. పాత యజమాని, గాలి ఫిల్టరు ఉండే ఎయిర్ బాక్సు పైన పెద్ద కిటికీ కోశాడు, ఈ బండికి చాలామంది చేసేదే. గాలి ఎక్కువ వస్తుంది కాబట్టి పెట్రోలూ పెంచాలి. దానికి గాడులున్న కొత్త నీడిల్, అంటే కార్బొరేటరులో పెట్రోలు దారిని తెరిచే సూది, వేశాడు. కానీ దాన్ని పట్టి ఉంచే క్లిప్పు మరీ కింది గాడిలో ఉంది. క్లిప్పు కిందికి పోయేకొద్దీ నీడిల్ పైకి లేచి, సగం థ్రాటిల్లో పెట్రోలు ఎక్కువ దిగుతుంది. ఐడ్లింగ్‌లో పెట్రోలు పాళ్ళు చూసే ఫ్యూయల్ స్క్రూ కూడా చాలా తెరిచి ఉంది. దానికి తోడు నా తప్పొకటి: స్పాంజి ఎయిర్ ఫిల్టరుకి ఆయిలు కారేంత పట్టించాను, దాని మీద కార్నెగీ దుమ్ము. ఫిల్టరు కడిగి, ఆయిలు పిండి, క్లిప్పు ఒక గాడి పైకి జరిపి, స్క్రూ సరిచేశాను. మొత్తం ఖర్చు కిరోసిన్ అర లీటరు, ఒక ఆదివారం.

ఇక్కడ ఒక మాట. మసి పడుతోందని వేడి అంకె తగ్గించి 7 వేద్దామని నాకూ అనిపించింది. ప్లగ్గు ముక్కు 450 డిగ్రీలు దాటితే మసి తనకు తానే కాలిపోతుంది, వేడి ప్లగ్గు అక్కడికి త్వరగా చేరుతుంది. నిజమే. కానీ అదే ప్లగ్గు ఎండాకాలం పొడవాటి ఎక్కుడులో 850 డిగ్రీల వైపు పోతే, రవ్వ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది, పిస్టను కరుగుతుంది. కార్బొరేటరు తప్పుకి ప్లగ్గుతో మందు వేయకూడదు. అందుకే 8 మీదే ఉన్నాను.

తర్వాత నెల రోజులు కావాలనే మామూలు సీఆర్8ఈ మీదే తిరిగాను, తేడా నిజంగా దేనివల్లో తెలియాలని. ఎక్కుళ్ళలో మిస్సింగ్ లేదు. ఐడ్లింగ్ నిలకడగా ఉంది. విప్పి చూస్తే నాన్న చెప్పిన కాఫీ రంగు. అంటే ఇరిడియం ఘనత అనుకున్నదాంట్లో ముప్పాతిక భాగం నిజానికి సరిగ్గా లేని కార్బొరేటరు ఖాతాలోది. మళ్ళీ ఇరిడియం వేశాక మిగిలిన తేడా రెండు చోట్లే కనబడింది. డిసెంబరు పొద్దున గ్యారేజీలో చల్లబడ్డ ఇంజను లేచే తీరు, పడిపోయాక తడిసిన ఇంజను లేచే తీరు. మామూలు దానితో ఆరేడు సెకన్లు సెల్ఫ్ కొట్టాల్సిన చోట దీనితో రెండు మూడు. చదవడానికి అది చిన్న తేడా. కిక్ రాడ్ లేని బండితో, ఒంటరిగా, ఏటవాలులో నిలబడ్డప్పుడు చిన్నది కాదు. దాని కోసమే నేను రెట్టింపు డబ్బు పెడుతున్నాను, పెడుతూనే ఉంటాను.

ఇరిడియం ప్లగ్గు లక్ష కిలోమీటర్లు వస్తుందని కొందరు చెప్పే మాట మాత్రం ఈ రకానికి నమ్మొద్దు. ఐఎక్స్‌లో గానీ, ఇరిడియం పవర్‌లో గానీ మధ్య కొస ఒక్కటే ఇరిడియం, పక్క కొక్కెం నికెలే. అది మామూలుగానే అరుగుతుంది. కార్లలో లక్ష దాటేవాటికి కొక్కెం మీద కూడా ప్లాటినం ముక్క ఉంటుంది. నేను పది వేల కిలోమీటర్లకి మార్చేస్తున్నాను. తీసిన పాత దాన్ని పారేయను, రంగు చూసి తేదీ రాసి డబ్బాలో దాస్తాను. బ్యాగులో స్పేరుగా మాత్రం మామూలు సీఆర్8ఈ పెట్టుకుంటాను. రాళ్ళ మీద కిందపడినా కొస విరుగుతుందేమోనన్న భయం ఉండదు, మసి పడితే తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు.

నీ బండి సంగతికొస్తే, నీది ఇంజెక్షన్ బండి. పెట్రోలు ఎంత పోయాలో గాలిని బట్టి కంప్యూటరు చూసుకుంటుంది, నాలాగా నీడిల్ బాధ లేదు. కాబట్టి రంగు నల్లగా ఉంటే ముందు ఎయిర్ ఫిల్టరు చూడు. చింతపల్లి దారి ఎర్రమట్టికి అది ఎన్నిసార్లు మార్చావో నాకు తెలీదు. తెల్లగా, పింగాణీ మీద బొబ్బల్లా ఉంటే ఇంకో సమస్య, ప్లగ్గు మార్చకుండా నాకు ఫోన్ చెయ్యి. కాఫీ రంగులో ఉండి, లంబసింగి చలిలో పొద్దున్నే లేవడానికి మొరాయిస్తుంటే అప్పుడు ఇరిడియం వేయించుకో, డబ్బు దండగ కాదు. మాన్యువల్‌లో ఉన్న నంబరుకి సరిపడే ఇరిడియం జోడీ తీసుకో, వేడి అంకె మార్చకు.

ఇదంతా మొన్నే వాడికి ఫోన్లో చెప్పి, పాత ప్లగ్గు విప్పించి పగటి వెలుతురులో ఫోటో తీసి పంపమన్నాను. “బేగి పంపుతానన్నయ్యా” అన్నాడు. ఇంకా రాలేదు. నిన్న నాన్నతో మాట్లాడుతూ ఈ సంగతి చెప్తే, ఆయన సాయంత్రం వాడి దగ్గరికి వెళ్ళి దగ్గరుండి విప్పిస్తానన్నారు. పానా తన దగ్గరే ఉందట.